తలుపు తీశాం, దారి తెరుచుకోలేదు

నిరుడు వర్షాకాలంలో మా నాన్నగారికి రెండు కళ్ళకూ, నెల రోజుల తేడాతో, శుక్లాల శస్త్రచికిత్స చేయించవలసి వచ్చింది. ఆయన తెనాలి విడిచి రానన్నారు. కాబట్టి నేనే హైదరాబాదులోని ఇంటికి తాళం వేసి, ఆరు వారాలపాటు అక్కడ ఉండటానికి సిద్ధపడ్డాను. అనువాదం వృత్తిగా పెట్టుకున్నవారికి ఊరు మారడం ఒక లెక్క కాదనీ, కాగితమూ కలమూ ఉంటే ఏ అరుగు మీద కూర్చున్నా పని సాగుతుందనీ లోకం అనుకుంటుంది. నిజానికి అనువాదకుల ఆస్తి కలంలో ఉండదు. పదాల పట్టికలో ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా నేను కూర్చుకుంటూ వచ్చిన పట్టికలో పదకొండు వేలకు పైగా మాటలున్నవి. ఏ మాటను ఎక్కడ, ఏ అర్థంలో, ఎవరి కోసం ఎలా తెలిగించానో అందులో రాసి ఉంటుంది. అది మా ఇంట్లో, కిటికీ పక్కనున్న పాత కంప్యూటర్‌లో ఉన్నది.

ఒక నకలు తీసి వెంట పట్టుకుపోవచ్చు కదా అని మీరడగవచ్చు. అంతకు ముందు ఏడాది ఆ పనే చేశాను. తెనాలిలో కొన్ని మాటలు దిద్దాను. ఇంటికి వచ్చాక, నకలును అసలుతో కలపకుండానే మరికొన్ని దిద్దాను. రెండు పట్టికలూ రెండు దారులు పట్టాయి. ఫలితమేమంటే, ఒక ఔషధ పరీక్షకు సంబంధించిన అంగీకార పత్రంలో ‘ప్లాసిబో’ అన్న మాటకు మూడవ పుటలో ‘ఉత్తుత్తి మందు’ అనీ, ఏడవ పుటలో ‘నకిలీ మందు’ అనీ నా చేతి మీదుగానే పడింది. నకిలీ మందంటే మోసగాళ్ళు అమ్మే మందు. ఆ కాగితం మీద వేలిముద్ర వేయబోయే రోగి ఏమనుకోవాలి? అచ్చుకు ముందు సరిచూసినవారు పట్టుకున్నారు కాబట్టి బతికిపోయాను. ఇక ఒకే పట్టిక ఉండాలి, అది ఒకే చోట ఉండాలి అని ఆనాడే నిశ్చయించుకున్నాను. పోనీ, దానిని ఏదో ఒక కంపెనీ వారి గిడ్డంగిలో దాచుదామంటే, నాకు పని ఇచ్చేవారి పత్రాలు పరాయి యంత్రాల మీద ఉంచనని సంతకం పెట్టి ఉన్నాను.

మిగిలింది ఒక్కటే దారి. తెనాలిలో కూర్చుని హైదరాబాదులోని నా కంప్యూటర్ తలుపు తట్టాలి, అది తెరుచుకోవాలి. ఈ ఏర్పాటును ‘పోర్ట్ ఫార్వర్డింగ్’ అంటారు. రౌటర్‌లో రెండు గళ్ళు నింపి ఒక బొత్తాం నొక్కితే చాలునని చదివాను. బయలుదేరడానికి వారం ముందు ఒక సాయంత్రం కూర్చుని గళ్ళు నింపాను, బొత్తాం నొక్కాను. ఏమీ జరగలేదు. ఆ ‘ఏమీ జరగకపోవడానికి’ కారణాలు వెతకడంలో నాలుగు సాయంత్రాలు గడిచాయి. ఇదే చిక్కులో పడినవారు మన పాఠకులలో చాలామంది ఉండి ఉంటారు. ఊళ్ళో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రుల ఇంటి కెమెరా చూడాలనుకునేవారూ, దుకాణం లెక్కలు ఇంటి నుంచి చూసుకోవాలనుకునేవారూ. వారికి ఉపయోగపడుతుందని నా అనుభవం ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

ముందు తలుపు ఎందుకు మూసి ఉన్నదో తెలుసుకోవాలి. అంతర్జాలంలో ప్రతి యంత్రానికీ ఒక సంఖ్య చిరునామాగా ఉండాలన్నది మూలసూత్రం. 1981 సెప్టెంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం ఆ సంఖ్య 32 ద్వ్యంకాల పొడవు. అంటే మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. పరిశోధనశాలలకూ విశ్వవిద్యాలయాలకూ మాత్రమే పరిమితమైన ఆ రోజుల్లో అది తరగని గని అనిపించింది. ఈనాడు ఒక్క భారతదేశపు జనాభాయే 140 కోట్లు దాటింది. ఒక్కొక్క ఇంట్లో నాలుగైదు యంత్రాలు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలోని చివరి ఐదు పెద్ద దిమ్మెలు ఐదు ఖండాంతర సంస్థలకు పంచివేశారు. మన ఆసియా–పసిఫిక్ ప్రాంతంలో మామూలు పంపకం ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆగిపోయి, అప్పటి నుంచి రేషను మొదలైంది.

ఈ కరవు రాబోతున్నదని ముందే పసిగట్టినవారు ఒక ఉపాయం కనిపెట్టారు. 1994 మేలో దానిని తాత్కాలిక ఉపశమనంగానే ప్రతిపాదించారు. తాత్కాలికమైనవి మన దేశంలోనే కాదు, అంతర్జాలంలోనూ శాశ్వతమై కూర్చుంటాయి. ఆ ఉపాయం ఏమంటే, ఇంటికంతటికీ ఒకే బయటి చిరునామా ఉంటుంది. లోపలి యంత్రాలకు ఇంటిపేర్లు కాక ముద్దుపేర్ల వంటి లోపలి చిరునామాలు ఉంటాయి. వాటి కోసం కొన్ని సంఖ్యలను ప్రత్యేకించారు: 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 వరకూ, 192.168తో మొదలయ్యేవన్నీ. ఎన్ని కోట్ల ఇళ్ళలోనైనా వీటినే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. బుజ్జి, చిన్ని అన్న పేర్లు ఇంటింటా ఉన్నట్లే. వీధిలోకి వస్తే మాత్రం ఆ పేర్లు చెల్లవు.

లోపలి నుంచి ఒక ఉత్తరం బయలుదేరితే, గుమ్మంలో కూర్చున్న రౌటర్ దాని మీది ముద్దుపేరు కొట్టివేసి ఇంటి చిరునామా రాస్తుంది. ఎవరు ఎవరికి రాశారో తన చిట్టాలో గుర్తు పెట్టుకుంటుంది. జవాబు వచ్చినప్పుడు చిట్టా చూసి, మళ్ళీ ముద్దుపేరు రాసి లోపలికి అందిస్తుంది. ఈ పనికి ఇంగ్లీషులో పెట్టిన పేరు ‘నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్’. అనగా చిరునామాల అనువాదం. నా గుమ్మంలో ఇన్నాళ్ళుగా నా వృత్తివాడే ఒకడు కూర్చుని పని చేస్తున్నాడని నాకు తెలియలేదు.

ఇప్పుడు చిక్కు ఎక్కడున్నదో మీకు తెలిసే ఉంటుంది. జవాబులకైతే చిట్టాలో వరుస ఉన్నది. మనం అడగకుండా బయటి నుంచి తానుగా వచ్చిన ఉత్తరాన్ని ఎవరికివ్వాలి? చిట్టాలో దాని ఊసు లేదు. రౌటర్ దానిని పారవేస్తుంది. అది దాని తప్పు కాదు. అందుకని మనం ముందుగా ఒక స్థిరమైన ఆజ్ఞ రాసి పెట్టాలి: ‘ఫలానా సంఖ్య గల ద్వారానికి ఎవరు వచ్చినా, లోపల ఫలానా యంత్రం దగ్గరకు పంపు’ అని. ఇంగ్లీషులో ఒకే వర్ణక్రమంతో ‘పోర్ట్’ అనే మాటలు రెండున్నవి. లాటిన్‌లో ఒకదానికి మూలం రేవు, రెండవదానికి ద్వారం. ఇక్కడ వర్తించేది ద్వారమే. ఒక్కొక్క యంత్రానికి 0 నుంచి 65,535 వరకు అటువంటి ద్వారాలున్నవి. భద్రమైన వెబ్ పుటలు 443వ ద్వారంలో నడుస్తాయి. విండోస్ యంత్రాన్ని దూరం నుంచి నడిపే సౌకర్యం 3389లో. నేను మొదట తెరవాలనుకున్నది ఈ 3389నే. అది ఎంత తెలివితక్కువ పనో తరువాత చెబుతాను.

మొదటి సాయంత్రం చేసిన పొరపాటు చాలా చిన్నది. పూనాలో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకుకు ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నాను.

“పిన్నీ, నువ్వు ఎక్కడ కూర్చుని పరీక్షిస్తున్నావు?” అన్నాడు.

“ఇంట్లోనే, సోఫాలో.”

“ఇంట్లో కూర్చుని వీధి తలుపు బయటి నుంచి తట్టినట్లు ఎలా తెలుస్తుంది?”

వాడు చెప్పినదాంట్లో నిజమున్నది. ఇంటి లోపలి నుంచే ఇంటి బయటి చిరునామాకు ఉత్తరం రాస్తే, దానిని గుమ్మం దగ్గర వెనక్కు తిప్పి లోపలికి ఇవ్వడం చాలా రౌటర్లకు చేతకాదు. అప్పుడు ఏర్పాటు సరిగా ఉన్నా, లేనట్లే కనిపిస్తుంది. కాబట్టి ఫోన్‌లో వైఫై కట్టివేసి, మొబైల్ డేటాతో పరీక్షించాలి. ద్వారం తెరిచి ఉన్నదో లేదో చూసి చెప్పే పుటలు కూడా అంతర్జాలంలో ఉన్నవి. కాని లోపల దానికి జవాబిచ్చే ప్రోగ్రాము నడుస్తూ ఉంటేనే అవి ‘తెరిచి ఉన్నది’ అంటాయి. ఇంట్లో మనిషి లేకుండా తలుపు తీసి పెడితే, తట్టినవారికి పలికేదెవరు? కంప్యూటర్ నిద్రపోకుండా దాని అమరికలు మార్చుకోవడం కూడా ఈ సందర్భంలోనే చేయవలసిన పని.

రెండవ సాయంత్రం లోపలి నుంచి వెలుపలికి వరుసగా వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. ఈ వరుస ముఖ్యం. చాలామంది రౌటర్ దగ్గర మొదలుపెట్టి, అక్కడే అన్నీ తారుమారు చేసి, చివరకు ఏది మార్చారో తెలియని స్థితికి వస్తారు. నేనూ అదే చేశాను. ఒకసారి ఒక్కటే మార్చి, మార్చినది కాగితం మీద రాసుకోవడం ఉత్తమం.

మొదటిది గది తలుపు. అదే ఇంట్లోని మరొక యంత్రం నుంచి, లోపలి చిరునామాతోనే, మన కంప్యూటర్‌ను చేరగలుగుతున్నామా? చేరలేకపోతే రౌటర్‌ను నిందించి లాభం లేదు. తప్పు గదిలోనే ఉన్నది. నా విషయంలో అదే జరిగింది. కొత్త రౌటర్ తగిలించిన రోజున విండోస్ దానిని పరాయి చోటుగా, రైల్వే స్టేషనులోని వైఫై వంటిదిగా ఎంచి, తన ఫైర్‌వాల్‌ను బిగించుకుని కూర్చున్నది. ఇది సొంత ఇల్లని చెప్పి, ఆ ఒక్క సౌకర్యానికి అనుమతి ఇవ్వగానే గది తలుపు తెరుచుకున్నది. ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేయమని సలహా ఇచ్చేవారుంటారు. తాళం తిరగలేదని తలుపు ఊడబెరకమన్నట్లుంటుంది అది.

రెండవది గది నంబరు. లోపలి చిరునామాలను రౌటర్ అద్దెకు ఇచ్చినట్లు ఇస్తుంది. గడువు తీరాక మారవచ్చు. నేను ఆజ్ఞ రాసినప్పుడు నా కంప్యూటర్ చిరునామా 192.168.0.14. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చేసరికి అది 17 అయి కూర్చున్నది. 14వ అంకెను పక్కింటివారి అమ్మాయి ఫోన్ అందుకున్నది. నా ఉత్తరాలన్నీ ఆ అమ్మాయి ఫోన్‌కు పోతున్నవి! దీనికి మందు సులభం. ప్రతి యంత్రానికీ పుట్టుమచ్చలాంటి ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఈ గుర్తింపు గల యంత్రానికి ఎప్పుడూ ఈ అంకెనే ఇమ్మని రౌటర్‌లో ‘అడ్రస్ రిజర్వేషన్’ అన్న చోట రాసి పెడితే, ఇక అది మారదు.

రెండూ సరిచేశాను. వైఫై కట్టి, మొబైల్ డేటాతో తట్టాను. మళ్ళీ నిశ్శబ్దమే.

మూడవ సాయంత్రం మా వాడు అడిగిన ప్రశ్నే అసలు గుట్టు విప్పింది. “పిన్నీ, రౌటర్ పుటలో ‘వ్యాన్’ అనో ‘ఇంటర్నెట్’ అనో ఒక శీర్షిక ఉంటుంది. దాని కింద ఏ చిరునామా ఉన్నది?” చూశాను. 192.168.1.2 అని ఉన్నది. “బయటి ప్రపంచానికి నువ్వు ఏ చిరునామాతో కనిపిస్తున్నావు?” దానిని చూపే పుట తెరిచాను. అది పూర్తిగా వేరే సంఖ్య.

పాఠకులు ఈ ఒక్క పరీక్షనైనా గుర్తు పెట్టుకోవాలని నా మనవి. రౌటర్ తన బయటి చిరునామా అని చెప్పుకునేదీ, లోకం చూసే చిరునామా అనేదీ ఒకటే అయితే, గుమ్మం మీదే, తాళం మీ చేతిలోనే ఉన్నది. రెండూ వేరైతే, మీకూ వీధికీ మధ్య మరొక అనువాదకుడు ఉన్నాడన్న మాట.

మా ఇంట్లో వాడు ఎక్కడున్నాడు? గోడకు కొట్టిన తెల్లని పెట్టెలో. ఫైబర్ తీగ వచ్చి చేరే ఆ పెట్టెను మనమందరం మోడెమ్ అంటాం. తీగలోని వెలుతురును సంకేతాలుగా మార్చడమే దాని పని అనుకుంటాం. కాని ఈనాటి పెట్టెలు చాలామటుకు తామే రౌటర్లు కూడా. మనకు వైఫై చాలడం లేదని బజారులో మరొక రౌటర్ కొని దానికి తగిలిస్తే, ఒక అనువాదకుని వెనుక మరొక అనువాదకుడు కూర్చుంటాడు. ఒకప్పుడు రష్యన్ నవలలు కొన్ని ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి వచ్చేవి. చదవడానికి అడ్డు లేదు; ఒక వాక్యం తేడాగా ఉంటే మాత్రం తప్పు ఏ చేతిలో జరిగిందో పట్టుకోవడం కష్టమయ్యేది. ఇదీ అంతే. వెబ్ పుటలు చూడటానికీ, సినిమాలు చూడటానికీ రెండు అనువాదాలు ఏ అడ్డమూ కావు, కాబట్టి ఏళ్ళ తరబడి మనకు తెలియదు. బయటి నుంచి ఎవరైనా తట్టిననాడు బయటపడుతుంది. నేను ఇంటి తలుపు తీశాను సరే. ప్రహరీ గేటు మూసే ఉన్నది.

దీనికి మూడు విధాల పరిష్కారాలున్నవి. మొదటిది, అదే ఆజ్ఞను పెట్టెలో కూడా రాయడం: ‘ఈ ద్వారానికి వచ్చినవారిని నా రౌటర్ దగ్గరకు పంపు’ అని. పని జరుగుతుంది, కాని ఏ మార్పు చేసినా రెండు చోట్ల చేయాలి. రెండవది, కొన్న రౌటర్‌ను కేవలం వైఫై పరికరంగా మార్చి, అనువాదమంతా పెట్టెకే వదలడం. మూడవది, పెట్టెను ‘బ్రిడ్జి మోడ్’లో పెట్టడం, అప్పుడు అది తీగను అందించి ఊరుకుంటుంది, చిరునామాల పని మన రౌటర్ ఒక్కటే చూసుకుంటుంది. కంపెనీవారు ఇచ్చిన లాగిన్ పేరూ, సంకేతపదమూ అప్పుడు మన రౌటర్‌లోకి ఎక్కించవలసి ఉంటుంది. వాటిని ముందే అడిగి తెలుసుకోకుండా పెట్టెను మారిస్తే, ఉన్న ఇంటర్నెట్ కూడా పోతుంది.

ఏ మార్పూ చేయకముందు పెట్టె పుటలోకి వెళ్ళి దాని బయటి చిరునామా చూశాను. 100.72 అని మొదలైంది. అది చూడగానే మా వాడు ఫోన్‌లో ఒక నిట్టూర్పు విడిచాడు. “పిన్నీ, ఇక నీ చేతిలో లేదు.”

చిరునామాల కరవు ఇళ్ళతో ఆగలేదు. ఇళ్ళకు సేవలందించే కంపెనీలకే చాలినన్ని లేవు. కాబట్టి వారు కూడా మన ఉపాయాన్నే పెద్ద ఎత్తున పన్నారు. వందల ఇళ్ళను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచి, తమ కేంద్రంలో ఒక పెద్ద అనువాదకుని కూర్చోబెట్టారు. ఆ ఏర్పాటు కోసమే 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 వరకు గల చిరునామాలను కేటాయించారు. కొన్ని కంపెనీలు 10తో మొదలయ్యేవే వాడతాయి. పెట్టె బయటి చిరునామా వీటిలో ఏదైనా అయితే, మీ గుమ్మం ముందు కాలనీ గేటు ఉన్నట్లు. దాని కాపలాదారు మీ మాట వినడు. మీరు మీ రౌటర్‌లో ఎన్ని ఆజ్ఞలు రాసినా, అవి అందవలసిన ఉత్తరం అక్కడే ఆగిపోయి ఉంటుంది. మూడు సాయంత్రాలు నేను చేసినదంతా ఒప్పే. ఐనా ఫలితం సున్న. ఇందులో నన్ను ఎక్కువ బాధించింది ఈ సంగతే. నెల నెలా డబ్బు కట్టి కొనుక్కున్న కనెక్షనులో, నా ఇంటికి సొంత చిరునామా లేదన్న మాట ఎవరూ ఒక కాగితం మీద రాసి ఇవ్వలేదు.

కంపెనీకి ఫోన్ చేశాను. మొదట మాట్లాడిన ఇద్దరూ రౌటర్‌ను ఆపి మళ్ళీ పెట్టమన్నారు. ఇంటికి వచ్చిన కుర్రవాడు మాత్రం తడుముకోకుండా చెప్పాడు: “మేడమ్, మీది ప్రైవేట్ ఐపీ అండి. పబ్లిక్ ఐపీ కావాలంటే నెలకు కొంచెం ఎక్స్‌ట్రా అవుతుంది. ఒక లెటర్ పెట్టండి, వేసేస్తారు.” లెటర్ పెట్టాను. ఆ కుర్రవాడే పెట్టెను బ్రిడ్జి మోడ్‌లోకి మార్చి, లాగిన్ వివరాలు నా రౌటర్‌లోకి ఎక్కించి వెళ్ళాడు. రెండు రోజుల తరువాత, నాల్గవ సాయంత్రం, రౌటర్ చెప్పే చిరునామా, లోకం చూసే చిరునామా ఒకటయ్యాయి. మొబైల్ డేటాతో తట్టాను. నా కంప్యూటర్ తెర ఫోన్‌లో కనిపించింది.

డబ్బు కట్టడం ఇష్టం లేనివారికీ, కంపెనీ ఇవ్వలేనన్నవారికీ వేరే దారులున్నవి. కొత్త తరం చిరునామాల పద్ధతిలో, అనగా ఐపీవీ6లో, సంఖ్య 128 ద్వ్యంకాల పొడవు. ఇంట్లోని ప్రతి యంత్రానికీ సొంత చిరునామా ఇచ్చినా తరగవు, అనువాదంతో పని లేదు. మన దేశంలో ఇది బాగా వ్యాపించింది. మీ ఇంటి కనెక్షనుకూ, మీరు దూరం నుంచి వాడే కనెక్షనుకూ రెండింటికీ అది ఉంటే, రౌటర్ ఫైర్‌వాల్‌లో ఒక అనుమతి ఇస్తే సరిపోతుంది. మరొక దారి, తలుపు తీయకపోవడమే. టెయిల్‌స్కేల్ వంటి సాధనాలలో ఇంటి యంత్రమూ, చేతిలోని యంత్రమూ రెండూ తామే బయటకు వచ్చి కలుసుకుంటాయి. లోపలి నుంచి బయటకు పోయే ఉత్తరాన్ని ఏ కాపలాదారూ ఆపడు కాబట్టి, ఎన్ని గేట్లున్నా ఇవి దాటిపోతాయి. సొంత చిరునామా ఉండి అది తరచు మారేవారు మాత్రం, మారినప్పుడల్లా ఒక స్థిరమైన పేరుకు దానిని జతచేసే సేవను పెట్టుకోవాలి. ఆ సౌకర్యం చాలా రౌటర్లలోనే ఉంటుంది.

నా కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. ఆ రాత్రి పదకొండు గంటలకు 3389వ ద్వారం తెరిచి, సంతోషంగా నిద్రపోయాను. పొద్దున్న మా వాడి మాట మీద కంప్యూటర్‌లోని విఫల ప్రవేశాల చిట్టా తెరిచి చూశాను. రాత్రంతా ఎవరెవరో నా తలుపు తడుతూనే ఉన్నారు. ‘అడ్మిన్’ అన్న పేరుతో ఒకరు, ‘టెస్ట్’ అన్న పేరుతో మరొకరు, వందల సార్లు. నా చిరునామా నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పనక్కరలేదు, ప్రపంచంలోని చిరునామాలన్నింటినీ వరుసగా తట్టి చూస్తూ పోయే యంత్రాలు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాము ఈ విధంగానే వెతికి, ఫ్యాక్టరీలో పెట్టిన సంకేతపదాలను మార్చకుండా వదిలేసిన కెమెరాలలోకీ, రౌటర్లలోకీ చొరబడింది. దానికి అరవై పైచిలుకు పేర్లూ, సంకేతపదాల జతలే పెట్టుబడి. ఆ ఏడాది అక్టోబరు 21న అటువంటి యంత్రాల మూకను అమెరికాలోని డిన్ అనే పేర్ల సేవా సంస్థ మీదికి ఉసికొల్పితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. ఆ కెమెరాల యజమానులలో చాలామందికి తమ కెమెరా ఏం చేసిందో ఈనాటికీ తెలిసి ఉండదు.

నా కంప్యూటర్‌లో ఉన్నది పదాల పట్టిక ఒక్కటే కాదు; రోగుల అంగీకార పత్రాలు, ఆస్తి తగాదాల కాగితాలు, నన్ను నమ్మి ఇచ్చినవారి గుట్లు ఉన్నవి. పరాయి గిడ్డంగిలో పెట్టనని సంతకం పెట్టిన మనిషిని, నా చేతులతో నేనే వీధి గుమ్మం బార్లా తెరిచి పడుకున్నాను. ఆ ఉదయమే 3389 ఆజ్ఞ చెరిపివేశాను. కంప్యూటర్ సంకేతపదం కూడా మార్చాను. ద్వారం అంకె మారిస్తే చాలదా అని అడిగితే, గొళ్ళెం చాటుగా బిగించినంత మాత్రాన తాళం వేసినట్లు కాదన్నాడు మా వాడు.

దాని బదులు రౌటర్‌లోనే ఉన్న ‘వైర్‌గార్డ్’ అన్న రహస్యమార్గం ఏర్పాటు చేసుకున్నాను. దానికి ఒక్క ద్వారం చాలు. సాధారణంగా 51820 వాడతారు. సరైన తాళంచెవి లేకుండా తట్టినవారికి అది జవాబే ఇవ్వదు. లోపల ఎవరూ లేనట్లే ఉంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక: ద్వారాలను పరీక్షించే పుటలు చాలామటుకు ఒక రకం ఉత్తరాలనే పంపి చూస్తాయి, ఇది నడిచేది వేరొక రకం మీద. కాబట్టి అంతా సరిగా ఉన్నా అవి ‘మూసి ఉన్నది’ అనే చెబుతాయి. తాళంచెవి ఉన్న ఫోన్‌తో మొబైల్ డేటా మీద పరీక్షించడమే నిజమైన పరీక్ష. మనను అడగకుండా ఇంట్లోని పరికరాలు తమంత తామే ద్వారాలు తెరుచుకునే ‘యూపీఎన్‌పీ’ అన్న సౌకర్యాన్ని కూడా రౌటర్‌లో ఆపివేశాను. కెమెరాలూ, దుకాణం లెక్కలూ చూడదలచినవారు వాటికి నేరుగా ద్వారం తెరవకుండా, ఇటువంటి మార్గం గుండానే చూసుకోవడం క్షేమం.

నాలుగు సాయంత్రాలు కష్టపడి నేర్చుకున్న పోర్ట్ ఫార్వర్డింగ్‌ను చివరకు నేను వాడుకోలేదు. ఐనా ఆ సాయంత్రాలు వృథా అనుకోను. గది తలుపు, ఇంటి తలుపు, ప్రహరీ గేటు, కాలనీ గేటు: ఏ తలుపు ఎవరి అధీనంలో ఉన్నదో తెలియకపోతే, మన తప్పు కానిదానికి మనను మనం నిందించుకుంటాం, మన తప్పును ఇతరుల మీదికి నెడతాం. నేను రెండూ చేశాను.

తెనాలిలో రెండవ కంటి కట్టు విప్పిన నాలుగో రోజున నాన్నగారు వరండాలో కూర్చుని, నేను దిద్దుతున్న అంగీకార పత్రం అడిగి తీసుకున్నారు. ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పిన మనిషి. ఏడాదిగా అక్షరం కూడబలుక్కుని చదువుతున్నవారు, ఆ రోజు గబగబా రెండు పుటలు తిప్పి ఆగారు.

“ఉత్తుత్తి మందు ఏమిటమ్మాయీ, పిల్లలాటలోలాగా? రోగి చదువుకునే కాగితం కదా. ‘మందు లేని మాత్ర’ అని రాయి.”

ఆ రాత్రి తెనాలి వరండాలో కూర్చుని హైదరాబాదు తలుపు తట్టాను. పట్టిక తెరుచుకున్నది. ‘ప్లాసిబో’ ఎదురుగా ఉన్న రెండు మాటలూ కొట్టివేసి, నాన్నగారి మాట రాశాను.